బొగ్గు సమ్మె నాటి ఛాంపియన్

1972 ఫిబ్రవరి. బ్రిటన్‌లో బొగ్గుబాయిలన్నీ బంద్. జనవరి 9న మొదలైన సమ్మె అది. 1926 తర్వాత ఆ దేశంలోని గని కార్మికులంతా ఒక్కతాటి మీదికి వచ్చి పని ఆపడం అదే మొదటిసారి. బొగ్గు ఆగితే ఏమవుతుందో సింగరేణి వాళ్ళకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. 2011లో సకల జనుల సమ్మెకు మన బాయిలు నెల దాటి ఆగినప్పుడు హైదరాబాద్ దాకా కరెంటు కోతలు ఎట్లా పాకాయో మనం చూసినం. అక్కడా అంతే జరిగింది. ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. గంటల లెక్కన కరెంటు తీసేవారు. ఫిబ్రవరి 10న బర్మింగ్‌హామ్‌లోని సాల్ట్‌లీ కోక్ డిపో ముందు పికెటింగ్ చేస్తున్న గని కార్మికులకు తోడుగా ఊళ్ళోని ఇంజనీరింగ్ కార్మికులు వేలమంది కదిలి వచ్చి గేట్లు మూయించారు.

సరిగ్గా పదకొండు రోజుల తర్వాత, అదే బర్మింగ్‌హామ్‌లో, సెల్లీ పార్క్ అనే పేటలో, మాజీ సైనికుల క్లబ్బులో ప్రపంచ స్నూకర్ ఫైనల్ మొదలైంది. ఇవాళ్టి టీవీ ఫైనళ్ళ వైభవం ఏదీ లేదు. బీరు సీసాల పెట్టెల మీద పలకలు వేసి జనాన్ని కూర్చోబెట్టారు. మధ్యలో కరెంటు పోయింది. జనరేటర్ తెప్పించి, ఆ గుడ్డి వెలుతురులోనే ఒక పూట ఆట నడిపించారు. ఒకవైపు అప్పటి మేటి ఆటగాడు జాన్ స్పెన్సర్. రెండోవైపు బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చిన ఇరవై రెండేళ్ళ బక్కపలుచని కుర్రాడు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆడటం అతనికి అదే మొదలు. ఆరు రోజుల ఆట ముగిసేసరికి గెలిచింది ఆ కుర్రాడే. అప్పటిదాకా అంత చిన్న వయసులో ప్రపంచ ఛాంపియన్ అయినవాడు లేడు. బహుమతి 480 పౌండ్లు.

అతని పేరు అలెక్స్ హిగిన్స్. ఆడే వేగం చూసి జనం పెట్టిన పేరు హరికేన్. 2010 జులై 24న, అరవై ఒక్క ఏళ్ళ వయసులో, బెల్‌ఫాస్ట్‌లోని చిన్న వసతి గృహపు గదిలో ఒంటరిగా చనిపోయి కనిపించాడు. అతని గురించే ఈ ప్రసంగం.

స్నూకర్ అంటే మన దగ్గర చాలామందికి ఆఫీసర్ల క్లబ్బు ఆట అనే అభిప్రాయం ఉంది. పుట్టుక చూస్తే అది నిజమే. 1875లో మన జబల్‌పూర్‌లో, బ్రిటిష్ సైనికాధికారుల మెస్సులో, నెవిల్ చాంబర్లేన్ అనే యువ అధికారి బిలియర్డ్స్ బల్ల మీద రంగు బంతులు చేర్చి మొదలుపెట్టిన ఆట ఇది. ఊటీ క్లబ్బులో నియమాలు ఏర్పడ్డాయి. కానీ సముద్రం దాటి బ్రిటన్‌కు పోయాక ఆట చేతులు మారింది. గని కార్మికుల సంఘాలు, మిల్లు కార్మికుల క్లబ్బులు, వీధి మూలల మీది స్నూకర్ హాళ్ళు దాన్ని సొంతం చేసుకున్నాయి. వానాకాలం, చలికాలం అన్న తేడా లేకుండా షిఫ్టు దిగిన మనిషి నాలుగు డబ్బులతో రెండు గంటలు గడిపే ఆట అయింది.

హిగిన్స్ 1949 మార్చి 18న బెల్‌ఫాస్ట్‌లో కూలి కుటుంబంలో పుట్టాడు. వాళ్ళది శాండీ రో అనే కార్మికవాడ చుట్టుపక్కల. అక్కడ జాంపాట్ అనే స్నూకర్ హాలు ఉండేది. పదేళ్ళు దాటీ దాటకముందే బడి ఎగ్గొట్టి అందులో చేరాడు. అక్కడ ఎవరూ ఎవరికీ నేర్పరు. పెద్దవాళ్ళతో పైసలకు ఆడాలి, ఓడితే ఆ పూట జేబు ఖాళీ. అతను నిలబడే తీరు, క్యూ కర్ర ఊపే తీరు చూస్తే తెలుస్తుంది, పుస్తకం చూసి నేర్చుకున్నది కాదని. స్నూకర్ గురువులు చెప్పే మొదటి పాఠం, కొట్టేటప్పుడు తల కదలకూడదు, ఒళ్ళు కదలకూడదు అని. హిగిన్స్ కొట్టీ కొట్టకముందే ఒళ్ళంతా పైకి లేచేది. అయినా బంతి పోవాల్సిన చోటికే పోయేది.

పద్నాలుగు పదిహేనేళ్ళ వయసులో గుర్రప్పందేల జాకీ కావాలని ఇంగ్లండ్ పోయి లాయంలో పనికి కుదిరాడు. బరువు పెరగడంతో అది కుదరలేదు. మళ్ళీ బెల్‌ఫాస్ట్ వచ్చి, 1968లో ఉత్తర ఐర్లండ్ అమెచ్యూర్ టైటిల్, ఐర్లండ్ మొత్తానికి టైటిల్ రెండూ గెలిచాడు. నాలుగేళ్ళలో ఆ జనరేటర్ వెలుతురులోకి వచ్చాడు.

అతని ఆట ఎందుకు అంత గొప్పదో ఒక్క ఫ్రేమ్, అంటే ఒక్క విడి ఆట, తీసుకుని చెప్తాను. ఆట తెలియని వాళ్ళ కోసం ముందు రెండు మాటలు. బల్ల మీద పదిహేను ఎర్ర బంతులు, ఆరు రంగు బంతులు ఉంటాయి. తెల్ల బంతితో కొట్టి వాటిని సంచుల్లో వేయాలి. ఒక ఎర్ర, ఆ తర్వాత ఒక రంగు బంతి, మళ్ళీ ఎర్ర, ఇట్లా. ఎర్రకు ఒక పాయింటు. రంగు బంతులకు పసుపు రెండు మొదలుకొని నలుపు ఏడు దాకా. సంచిలో వేయడం సగం పనే. వేశాక తెల్ల బంతి తర్వాతి దెబ్బకు వీలైన చోట ఆగాలి. అసలు విద్య అక్కడుంది. మంచి ఆటగాడి బల్ల చూస్తే అన్నీ తేలిక దెబ్బల్లాగే కనిపిస్తాయి, ఎందుకంటే కష్టమైనదాన్ని అతను ముందు దెబ్బలోనే తొలగించి ఉంటాడు.

1982. షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్. ఎదురుగా ఇరవై ఏళ్ళ జిమ్మీ వైట్, హిగిన్స్ అంతటి వేగంగా ఆడేవాడు. పదహారు ఫ్రేములు గెలిచినవాడు ఫైనల్‌కు పోతాడు. వైట్ 15, హిగిన్స్ 14. ఆ ముప్ఫయ్యో ఫ్రేములో వైట్ 59 పాయింట్లు చేశాడు. హిగిన్స్ సున్నా. వైట్ ఇంకో రెండు మూడు బంతులు వేస్తే కథ ముగిసేది. ఒక ఎర్ర బంతి తప్పింది.

హిగిన్స్ లేచాడు. తప్పితే వైట్ మళ్ళీ బల్ల దగ్గరికి రావడమే ఆలస్యం, ఆట అయిపోయినట్టే. విచిత్రమేమిటంటే ఆ బ్రేక్‌లో, అంటే తప్పకుండా వరుసగా బంతులు వేసుకుంటూ పోయిన ఆ విడతలో, తెల్ల బంతి అతను అనుకున్న చోట దాదాపు ఎక్కడా ఆగలేదు. ప్రతి దెబ్బ తర్వాత ముందుకంటే కష్టమైన దెబ్బే మిగిలేది. అందులో ఒక నీలం బంతి ఉంది. దాన్ని ఆకుపచ్చ బంతి వైపు మూల సంచిలో వేయాలి. అదొక్కటే అయితే మంచి ఆటగాళ్ళు వేస్తారు. కానీ తెల్ల బంతి పక్క అంచుకు తగిలి, మళ్ళీ వెనక్కి, నలుపు గులాబీ బంతులున్న వైపు రావాలి. అందుకోసం తెల్ల బంతిని కింది భాగంలో, ఎడమ పక్కకు కొట్టి, విపరీతంగా తిప్పాడు. అట్లా తిప్పినప్పుడు బంతి గీత గీసినట్టు పోదు, దారి తప్పుతుంది. ఆ తప్పడాన్ని కూడా లెక్కలోకి తీసుకుని గురి పెట్టాలి. నీలం సంచిలో పడింది. తెల్లది అంచుకు కొట్టుకుని తిరిగి వచ్చింది. వంద సార్లు ఆడినా ఆ చోటికి తెల్ల బంతిని తేలేమని డెనిస్ టేలర్ అన్నాడు. 1985లో ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషి ఆ మాట అన్నాడు. ఆయన గురించి మళ్ళీ చెప్తాను, ఎందుకంటే హిగిన్స్‌ను పొగడాల్సిన అవసరం ఆయనకు ఏ మాత్రం లేదు.

ఆ బ్రేక్‌లో మొత్తం 69. ఫ్రేము హిగిన్స్‌ది. ఆ తర్వాతి ఫ్రేము కూడా హిగిన్స్‌దే.

ఫైనల్‌లో ఎదురుపడిన మనిషి గురించి మన బొగ్గుబాయి జనానికి తప్పక చెప్పాలి. రే రియర్డన్. వేల్స్‌లోని ట్రెడెగర్ అనే గనుల ఊరివాడు. పద్నాలుగో ఏట బాయి దిగాడు. ఆట కోసం చేతులు చెడకుండా తెల్ల చేతి తొడుగులు వేసుకుని బొగ్గు పని చేసేవాడట. ఆట నేర్చుకున్నది కార్మికుల చందాలతో నడిచిన ఊరి సంఘం క్లబ్బులో. అదే ట్రెడెగర్ కార్మికులు జీతంలోంచి కొంత పక్కన పెట్టి నడుపుకున్న వైద్య సహాయ సంఘమే తర్వాత బ్రిటన్ ప్రభుత్వ ఉచిత వైద్యానికి నమూనా అయింది. దాన్ని 1948లో తెచ్చిన మంత్రి అనూరిన్ బెవాన్ కూడా ఆ ఊళ్ళో బాయి దిగినవాడే.

1957లో గనిలో పైకప్పు కూలి రియర్డన్ రాళ్ళ కింద మూడు గంటలు ఉండిపోయాడు. వేలు కదిలించడానికి లేదు. మన దగ్గర రూఫ్ ఫాల్‌లో ఇరుక్కుని బయటపడ్డ వాళ్ళను అడగండి, ఆ మూడు గంటలు ఎంత పొడుగో చెప్తారు. మతి తప్పకుండా ఉండటానికి ఆయన మనసులోనే తమ్ముడితో గోలీలాట ఆడుతూ గడిపాడట. బయటికి తీశాక కొంతకాలానికి బాయి మానేసి పోలీసు ఉద్యోగంలో చేరాడు, తర్వాత స్నూకర్‌లో ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 2024 జులైలో, తొంభై ఒకటో ఏట చనిపోయాడు.

1982 ఫైనల్‌కు రియర్డన్‌కు నలభై తొమ్మిదేళ్ళు. 15-15 దగ్గర ఇద్దరూ సమానం. అక్కడ్నుంచి హిగిన్స్ వరుసగా మూడు ఫ్రేములు లాగేశాడు. చివరి ఫ్రేములో 135 బ్రేక్. పదేళ్ళ తర్వాత మళ్ళీ ప్రపంచ ఛాంపియన్. కన్నీళ్ళతో చేయి ఊపుతూ, బిడ్డను తీసుకురమ్మని భార్య లిన్‌ను పిలిచాడు. ఏడుస్తూనే పసిబిడ్డను ఎత్తుకున్నాడు. స్నూకర్ మొహం ఎరుగని వాళ్ళు కూడా టీవీలో ఆ దృశ్యం చూసి కదిలిపోయారు.

ఇప్పుడు రెండో సగం చెప్పాలి. చెప్పకుండా దాటేస్తే నేను అతనికి చేసే మేలేమీ లేదు.

అదే 1982లో అతను ప్రపంచ ర్యాంకుల్లో మొదటి స్థానానికి చేరాల్సింది. ఒక చోట పూలకుండీలో మూత్రం పోసినందుకు క్రమశిక్షణ చర్యగా పాయింట్లు కోసేశారు. మొదటి స్థానం రియర్డన్‌కు పోయింది. 1986లో డ్రగ్ పరీక్ష దగ్గర గొడవపడి టోర్నమెంట్ డైరెక్టర్‌ను తలతో మొహం మీద గుద్దాడు. పన్నెండు వేల పౌండ్ల జరిమానా, ఐదు టోర్నమెంట్ల నిషేధం. 1990లో ప్రెస్ వ్యవహారాలు చూసే ఉద్యోగి కడుపులో గుద్దాడు. ఆ మిగతా సీజన్, తర్వాతి సీజన్ మొత్తం నిషేధం పడింది. రెండు పెళ్ళిళ్ళూ విడాకులతో ముగిశాయి.

అన్నిటికంటే ఘోరం డెనిస్ టేలర్‌తో జరిగింది. టేలర్ కూడా ఉత్తర ఐర్లండ్ వాడే, కోల్‌ఐలాండ్ అనే పాత బొగ్గు ఊరి నుంచి వచ్చినవాడు. ఇద్దరూ ఒకే జట్టుకు ఆడేవారు. టేలర్ కాథలిక్, హిగిన్స్ ప్రొటెస్టెంట్. 1990 వరల్డ్ కప్ సందర్భంగా హిగిన్స్, నిన్ను కాల్పిస్తానని టేలర్‌ను బెదిరించాడు. ఈ మాట మన ఊళ్ళో తాగి అరిచే మాట లాంటిది కాదు. ముప్ఫై ఏళ్ళలో మూడు వేల అయిదువందల మందికి పైగా చనిపోయిన మతాల కొట్లాటల గడ్డ అది. అక్కడ కాల్పించడమంటే నిజంగా జరిగే పని. కొద్ది కాలానికే ఐరిష్ మాస్టర్స్ టోర్నమెంట్‌లో ఇద్దరూ ఎదురుపడ్డారు. టేలర్ ఆటతోనే జవాబు చెప్పాడు. 5-2తో ఓడించి పంపాడు. ఆ టేలరే, ఆ నీలం బంతి గురించి ఆ మాట అన్నది.

హిగిన్స్ చనిపోయినప్పుడు చాలామంది ఒక మాట అన్నారు. ఆ తాగుడు, ఆ తిక్క లేకపోతే ఆ ఆట కూడా ఉండేది కాదని. ఈ మాట నేను ఒప్పుకోను. ఈ ప్రసంగం చేయడానికి అసలు కారణం కూడా అదే.

మా ఊరు గోలేటి దాకా పోనక్కర లేదు, కోల్‌బెల్టులో ఏ కాలనీలోనైనా ఈ మాటకు తోబుట్టువు వినిపిస్తుంది. "చుక్క పడితే ముగ్గురి పని ఒక్కడే చేస్తడు." "మనిషి బంగారం, మందే పాడు చేసింది." మొదటి మాట మందును పొగుడుతుంది, రెండోది మనిషిని తప్పిస్తుంది. రెండింటిలోనూ జీతం రోజు గేటు దగ్గర నిలబడ్డ భార్య మాట లేదు, గైర్హాజర్లకు ఉద్యోగం పోయిన ఇంట్లో బడి మానేసిన పిల్ల మాట లేదు. మంచి పనిమంతుడు తాగాడు కాబట్టి పనిమంతుడు కాలేదు. చేతిలో పని ముందు నుంచీ ఉంది. తాగుడు దాన్ని తినడానికి ఇన్నేళ్ళు పట్టింది, అంతే.

హిగిన్స్ విషయంలో దీనికి ఆధారం బల్ల మీదే ఉంది. ఆ నీలం బంతి తిక్కతో పడేది కాదు. తెల్ల బంతిని ఎంత కింద కొట్టాలి, ఎంత పక్కకు, ఆ బల్ల మీద గుడ్డ ఎంత వేగంగా బంతిని జారనిస్తుంది, ఇవన్నీ జాంపాట్‌లో వేలసార్లు కొట్టి చేతికి పట్టించుకున్న లెక్కలు. 1983 యూకే ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో స్టీవ్ డేవిస్ చేతిలో 0-7తో వెనకబడి, 16-15తో గెలిచాడు. డేవిస్ అప్పటికి ప్రపంచంలో అందరికంటే నికరమైన ఆటగాడు. అలాంటివాడి మీద ఏడు ఫ్రేములు వెనకబడి తేరుకోవాలంటే గంటల తరబడి నిబ్బరం కావాలి. నిబ్బరం హిగిన్స్ దగ్గర ఉంది. తాగుడు దాన్ని తగ్గించగలదే గాని ఇవ్వలేదు.

తాగుడే ఆ ఆటను ఇచ్చిందనే ఈ కట్టుకథ ఎవరికి పనికొచ్చిందో కూడా చూడాలి. 1969లో బీబీసీ కలర్ టీవీలో స్నూకర్ మొదలుపెట్టింది. రంగు బంతుల ఆటకు రంగుల టీవీ సరిగ్గా కుదిరింది. 1976 నుంచి 2005 దాకా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను పోషించింది ఎంబసీ అనే సిగరెట్టు బ్రాండు. టీవీకి హీరో కావాలి, ఆ హీరో ఏదో ఒకటి చేస్తూ ఉండాలి. కెమెరా ముందు పొగ వదులుతూ, గ్లాసు ఎత్తుతూ, చొక్కా గుండీలు విప్పుకుని కంగారుగా తిరిగే మనిషి వాళ్ళకు దొరికాడు. గొడవ జరిగిన మర్నాడు పత్రికలు అమ్ముడుపోయేవి. జరిమానా అతను కట్టేవాడు, టిక్కెట్లు వాళ్ళు అమ్ముకునేవారు. హిగిన్స్ చేసిన పనుల బాధ్యత హిగిన్స్‌దే, అందులో సందేహం లేదు. అయితే అతను పడిపోతుంటే చూడటానికి టిక్కెట్టు పెట్టినవాళ్ళ బాధ్యత కూడా తక్కువేమీ కాదు.

1998లో అతనికి గొంతు క్యాన్సర్ అని తేలింది. టోర్నమెంట్లలో ఆటగాళ్ళకు ఉచితంగా సిగరెట్లు పంచారని, తన రోగానికి ఆ కంపెనీలే కారణమని ఆరోపిస్తూ కోర్టుకెక్కడానికి సిద్ధమయ్యాడు. రేడియేషన్ చికిత్సతో పళ్ళన్నీ పోయాయి. మెత్తటి తిండి తప్ప మింగుడు పడేది కాదు. లక్షల పౌండ్లు సంపాదించిన మనిషి ప్రభుత్వం ఇచ్చే వికలాంగ భృతి మీద బతికాడు. 2010లో మిత్రులు చందాలు పోగుచేసి, స్పెయిన్‌లో కొత్త పళ్ళు కట్టించడానికి పంపారు. తీరా పోయాక, ఆపరేషన్‌కు ఒళ్ళు తట్టుకోదని వైద్యులు తేల్చారు. ఆ జులైలోనే చనిపోయాడు. నలభై కిలోల లోపుకు చిక్కిపోయాడు. పోషకాహార లోపం, న్యుమోనియా, పళ్ళు లేక తినలేకపోవడం, అన్నీ కలిసి మింగేశాయి.

ఆగస్టు 2న బెల్‌ఫాస్ట్ సెయింట్ ఆన్స్ కెథడ్రల్‌లో అంత్యక్రియలు. గుర్రపు బండి మీద శవపేటిక, వీధుల నిండా జనం. 1982లో ఓడిన జిమ్మీ వైట్ వచ్చాడు. వైట్ ఆ తర్వాత ఆరుసార్లు ప్రపంచ ఫైనల్ ఆడి ఆరుసార్లూ ఓడిపోయాడు. ఆ 69 బ్రేక్ లేకపోతే ఏమయ్యేదో అని అందరికంటే ఎక్కువగా ఆలోచించగల మనిషి అతనే. అయినా చివరిదాకా హిగిన్స్‌ను అంటిపెట్టుకుని ఉన్నవాళ్ళలో ఒకడు. టేలర్ ఆటతో ఇచ్చిన జవాబునూ, వైట్ స్నేహాన్నీ నేను పక్కపక్కనే పెట్టి చూస్తాను. రెండూ న్యాయమే అనిపిస్తుంది.

ఇక ఒక్క ఆట గురించి చెప్పి సెలవు తీసుకుంటాను. 1989. ఆ ఏడాది మొదట్లో హిగిన్స్ మాంచెస్టర్‌లో ఒక కిటికీలోంచి పడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఒంటికాలి మీద గెంతుతూ ఆడాడు కొన్నాళ్ళు. ఏప్రిల్‌లో ఐరిష్ మాస్టర్స్‌కు వచ్చేసరికి ఇంకా కుంటుతూనే ఉన్నాడు. ఆ టోర్నమెంట్ జరిగేది గాఫ్స్ అనే చోట, పందెపు గుర్రాలను వేలం వేసే గుండ్రటి మండపంలో. గుర్రమెక్కాలని ఇల్లు వదిలిన కుర్రాడు నలభయ్యో ఏట ఆ మండపం నడుమ కుంటుకుంటూ బల్ల చుట్టూ తిరిగాడు. ఫైనల్‌లో ఎదురుగా స్టీఫెన్ హెండ్రీ, ఇరవై ఏళ్ళవాడు. ఆట 8-8 దాకా వచ్చింది. చివరి ఫ్రేము హిగిన్స్ గెలిచాడు. పెద్ద టోర్నమెంట్లలో అతని చివరి గెలుపు అదే. మరుసటి ఏడు హెండ్రీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, ఇరవై ఒక్క ఏళ్ళకు. 1972లో ఆ గుడ్డి వెలుతురులో హిగిన్స్ పెట్టిన వయసు రికార్డు అట్లా హెండ్రీకి పోయింది.